ఒక పొగగొట్టం, రెండు పొయ్యిలు

ఆ శ్రావణంలో నేను పదకొండు కందిరీగలను చంపాను. దోమలను కొట్టే కరెంటు బ్యాటు పట్టుకుని మిద్దె మీద, పొగగొట్టానికి నాలుగడుగుల దూరంలో కూర్చుని, వచ్చినదాన్ని వచ్చినట్టు కొట్టాను. కింద పడ్డాక చెప్పుతో నలిపాను. నలిపినప్పుడల్లా "ఇది మా అత్తను కుట్టినందుకు" అని పైకే అన్నాను. యాభై ఏళ్లు దాటిన బడి పంతులమ్మ చేసే పనేనా అని ఎదురింటామె నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నాకు కోపం తొందరగా రాదు, వచ్చిందంటే మాత్రం ఊరికే పోదు. ఈ గుణం గద్వాలలో మా పుట్టింటి నుంచే తెచ్చుకున్నాను.

మా ఊరు బీచుపల్లి దాటి వనపర్తి వైపు వచ్చే దారిలో ఉంటుంది. మాది పాత మట్టి మిద్దె. ఆరేళ్ల కింద నా భర్త, ఆయన తమ్ముడు వేరుపడ్డారు. చేను సులభంగానే పంచుకున్నారు, బోరు నీళ్లకు వంతులు పెట్టుకున్నారు, ఎడ్లకొట్టం తమ్ముడికి పోతే ముందరి అరుగు మాకు వచ్చింది. పేచీ అంతా వంటింటి దగ్గరే వచ్చింది. పొయ్యి ఎవరి పాలికి పోతే ఇల్లు వాళ్లదయినట్టని అన్నదమ్ములిద్దరూ మొండికేశారు. ఏటా ఎల్లమ్మకు బోనం వండే పొయ్యి కాబట్టి దాన్ని పగలగొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి పెద్దమనుషులు పొయ్యిగద్దె నడుమ గోడ కట్టించారు. ఇటు ఒక పొయ్యి, అటు ఒక పొయ్యి. పైన పొగగొట్టం మాత్రం ఒక్కటే. దానికి కింద రెండు నోళ్లు, ఒకటి మా వంటింట్లోకి, ఒకటి వాళ్ల వంటింట్లోకి. ఆ తీర్పు చెప్పిన పెద్దమనుషులు మా ఇంట్లోనే అన్నం తిని, వాళ్లింట్లో టీ తాగి, మంచి పని చేశామనుకుంటూ పోయారు.

గోడ లేచిన రోజు నుంచి నాకూ నా యారాలికీ మాటల్లేవు. యారాలంటే నా భర్త తమ్ముడి భార్య. మరిది హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు, ఆమె ఒక్కతే చేను చూసుకునేది. ఎదురుపడితే తలలు తిప్పుకునేవాళ్లం. ఏదైనా చెప్పుకోక తప్పని సంగతి ఉంటే అత్త మోసేది. అత్తకు నెల వంతు. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్య దాకా మా ఇంట్లో, తర్వాత నెల వాళ్లింట్లో. అమావాస్య పొద్దున తన బట్టల మూట చంకన పెట్టుకుని, నడుం వంచి గడప దాటి వచ్చేది. మూటతో పాటు అవతలి ఇంటి మాటలూ వచ్చేవి. "మోటరు వంతు మారిందంట", "పెండ్లికి పత్రిక వచ్చిందంట". ఆరేళ్లూ రెండిళ్ల నడుమ నడిచిన టపా ఆమె ఒక్కతే.

అత్త నాకు ఎవరో చెప్పకపోతే ఈ కథలో నా కోపం అర్థం కాదు. పెళ్లయి వచ్చినప్పుడు నాకు జొన్నరొట్టె చేయరాదు. గద్వాలలో మా ఇంట్లో అమ్మే చేసేది, నేను పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. అత్త నా చేతులు తన చేతుల్లో పెట్టుకుని పిండి తట్టడం నేర్పింది. నేను టీచర్ ట్రైనింగుకు పోతానంటే ఇంట్లో అందరూ ఎదురుతిరిగారు, ఆమె ఒక్కతే "పోనియ్యుండ్రి, రొట్టెలు నేను జేస్త" అన్నది. రెండేళ్లు చేసింది కూడా. ఈ రోజు నేను తింటున్న జీతం అన్నం ఆమె పెట్టిందే.

ఆ ఏడు ఎండాకాలమంతా మేం కట్టెల పొయ్యి ముట్టించలేదు. గ్యాసు మీదే కానిచ్చాం. ఆషాఢ అమావాస్యకు అత్త మా వంతుకు వచ్చింది. మూడు రోజులకు ముసురు పట్టింది. గ్యాసు మీద రొట్టె కాలదని, కట్టెల మంట మీదయితేనే పొంగుతుందని అత్త మాట. వాన పడుతుంటే వేడివేడి రొట్టె తింటానంది. సరేనని పొయ్యిలో నాలుగు కంది కట్టెలు పెట్టి ముట్టించాను. అత్త ఎప్పటిలాగే పొయ్యి పక్కన పీట మీద కూర్చుంది.

పొగ పైకి పోలేదు. తిరిగి గదిలోకే వచ్చింది. పొగగొట్టంలో ఏదో అడ్డం పడిందనుకున్నాను, కట్టెతో పొడిచాను. ఆ పొడవడమే నేను చేసిన తప్పు. లోపల నుంచి గిర్రున ఒక చప్పుడు మొదలైంది, మరుక్షణం మంట మీదుగానే కందిరీగలు దిగాయి. మామూలు చిన్నవి కావు, బొటనవేలు పొడుగున ఎర్రటి ఒంటికి పచ్చటి పట్టీ ఉన్నవి. నేను చెంబుతో నీళ్లు పొయ్యి మీద కుమ్మరించాను. ఆవిరి లేచి ఇంకా నాలుగు దిగాయి. దండెం మీది గొంగడి లాగి అత్త మీద కప్పి, ఆమెను ఎత్తుకున్నట్టే అరుగు మీదికి ఈడ్చుకొచ్చాను. నన్ను రెండు కుట్టాయి. అత్తను ఐదు కుట్టాయి, మెడ మీద రెండు, చేతి మీద మూడు.

నాకు మంట, అంతే. అత్తకు అట్లా కాలేదు. పది నిమిషాల్లో పెదాలు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. "ఊపిరాడుతలేదే" అన్నది. తర్వాత ఆ మాట అనడానికి కూడా ఆమెకు గొంతు రాలేదు. నా భర్త ఆటో తెచ్చాడు. వనపర్తి దవాఖాన దాకా నేను ఆమె తలను నా ఒళ్లో పెట్టుకుని, ఛాతీ లేస్తుందా లేదా అని చూస్తూనే ఉన్నాను. అక్కడ తొడకు సూది వేశారు, ముక్కుకు గాలి పెట్టారు. గంట తర్వాత ఆమె కళ్లు తెరిచింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఈ మనిషి ఒంటికి ఆ విషం పడదనీ, ఇంకోసారి కుడితే వనపర్తి దాకా వచ్చే వ్యవధి కూడా ఉండకపోవచ్చనీ చెప్పింది.

మూడో రోజు ఇంటికొచ్చాం. ఆ సాయంత్రమే ఎదురింటామె పరామర్శకు వచ్చి మాటల్లో అన్నది. "మీ యారాలు ముందే జూసింది గదమ్మ. నెల కిందనే రేకు తెచ్చి ఆమె దిక్కు నోరు మూసుకున్నది. మట్టి పెట్టంగ నేనే జూసిన. నీకు చెప్పలేదా ఏంది?"

నాకు చెప్పలేదు. నెల రోజులు. తన నోరు తను మూసుకుని, నేను పొయ్యి ముట్టించే రోజు కోసం గోడ అవతల కూర్చుంది. అత్త మా వంతుకు వస్తుందని తెలుసు, వస్తే పొయ్యి పక్కనే కూర్చుంటుందని తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. అత్త పక్కనే మంచం మీద పడుకుని ఉంది. ఎదురింటామె మాట విన్నది, గోడ వైపు తిరిగింది. నీరసం అనుకున్నాను.

ఆ రాత్రి నుంచి నా తలలో వేరే ఆలోచన లేదు. బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ కూడా ఆమెను ఏం చేయాలా అనే లెక్క వేసుకున్నాను. వాళ్ల గడప ముందు అంట్ల నీళ్లు పోశాను. దండెం మీద ఆమె ఆరేసిన చీర గాలికి మా వైపు పడితే తీసి ఇవ్వలేదు, వానలో నానేదాకా అట్లాగే వదిలేశాను. ఇవి చిల్లర పనులని నాకే తెలుసు, మనసు నిండలేదు. అందుకే బ్యాటు పట్టుకుని మిద్దె ఎక్కాను. ఆమెను కొట్టలేక కందిరీగలను కొట్టాను. నా భర్త "ఎందుకే, ఇంకా రేగుతయి" అంటే ఆయన మీద కూడా లేచాను.

తుట్టెను తీయించక తప్పదు. కిరసనాయిలు పోసి కాల్చేద్దామన్నాను. పొగగొట్టం నిండా నలభై ఏళ్ల మసి, మిద్దె దూలాలు టేకు కట్టె, ఇల్లే అంటుకుంటుందని నా భర్త ఒప్పుకోలేదు. మా బడిలో తోటి టీచరు ఒకామె నాగర్‌కర్నూలు దగ్గర ఉండే ఒక మనిషి ఫోను నంబరు ఇచ్చింది. ఆయన మొదట్లో నల్లమల అంచున తేనె తీసేవాడట. ఇప్పుడు బళ్లలో, ఇళ్లలో పెట్టిన తుట్టెలు తీస్తున్నాడట.

ఆయన ఒక పగలు మోటారు సైకిలు మీద వచ్చాడు. సన్నటి మనిషి, నలభై దాటినవాడు. మిద్దె ఎక్కలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చుని అరగంట పొగగొట్టం వైపు చూస్తూ ఉన్నాడు. ఏ సందులోంచి వస్తున్నాయి, ఏ సందులోకి పోతున్నాయి, అంతే చూశాడు. నేను నా పదకొండు కందిరీగల సంగతి గొప్పగా చెప్పాను.

"గట్ల జెయ్యొద్దమ్మా," అన్నాడు. "తుట్టె కాడ ఒకదాన్ని నలిపితె ఆ వాసనకు తక్కినయన్నీ లేస్తయి. నువ్వు బతికినవంటె అది నీ నసీబు."

"కాల్చి చంపుతావా?" అన్నాను. "అన్నీ మాడిపోవాలె, అన్నా. ఒక్కటి గూడ మిగలొద్దు."

ఆయన నా ముఖం కొంచెంసేపు చూశాడు. "నేను అగ్గి పెట్టను. పొద్దు గూకినంక, అన్నీ లోపలికి చేరినంక, పైనుంచి పొడి మందు ఊదుత. తొందరలేకుంట చస్తయి. పగ తీర్సుకునేదుంటె ఇంకెవరినన్న పిలువు. మనుషులకు దెబ్బ తాకకుంట తీసేది నా పని."

ఆ మాట నాకు నచ్చలేదు, కానీ వేరే మనిషి లేడు. ఆయన చెప్పిన పద్ధతి ఇది. మందు ఊదితే కొన్ని కిందికి దారి వెతుక్కుంటాయి. కాబట్టి కింద నోళ్లు రెండూ తడి గోనెసంచులు కుక్కి, పైన బురద మట్టి మెత్తి, ఒక్క సందు లేకుండా మూయాలి. రెండిళ్లలో ఒక్క మనిషి కూడా ఉండకూడదు. దీపాలు ఆర్పేయాలి, అవి వెలుతురు వైపే వస్తాయి. ఆయన టార్చికి కూడా ఎర్ర కాగితం చుట్టుకుంటాడు. రెండు రోజులు ఎవరూ పొయ్యి జోలికి పోకూడదు. తర్వాత తనే వచ్చి తుట్టె తీసి, పైన ఇనుప తీగల జాలి బిగించి పోతాడు.

"అవతలి ఇంటోళ్లకు చెప్పు," అన్నాడు. "ఆళ్ల దిక్కు రేకు ఉందన్నవు గద. రేకు సరిపోదు. మట్టి ఎండితె పగుల్తది, సందులకెళ్లి వస్తయి. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"నేను చెప్త," అన్నాను.

చెప్పలేదు. మర్చిపోయి కాదు. అత్తతో కబురు పంపడం ఒక్క నిమిషం పని. నా మనసులో ఏముందో దాచకుండా రాస్తున్నాను. ఆమె నాకు చెప్పలేదు, నేను ఆమెకు చెప్పను. ఆ రేకు సందుల్లోంచి పది కందిరీగలు ఆమె వంటింట్లోకి పోవాలి. ఆమె అరవాలి, ఆ అరుపు గోడ ఇవతల నాకు వినపడాలి. ఆమె గట్టి మనిషి, చచ్చేదేం లేదు, ఉబ్బిన ముఖంతో నాలుగు రోజులు ఊళ్లో తిరుగుతుంది. అది చూడాలని నా కోరిక. ఆ కోరికతో నేను మూడు రోజులు హాయిగా నిద్రపోయాను.

అనుకున్న రోజు సాయంత్రం ఆయన వచ్చాడు. నేనూ నా భర్తా మా నోరు ఆయన చెప్పినట్టే మూశాం, మట్టి నేనే మెత్తాను. నా భర్త అటునుంచి అటే చేనుకు పోయాడు. అత్తను తీసుకెళ్లి ఎదురింటి అరుగు మీద మంచంలో కూర్చోబెట్టాను, గొంగడి కప్పాను. ఆయన తెల్లటి మందపాటి బట్టలు తొడుక్కుంటూ, అత్త ముందే నన్ను అడిగాడు.

"అవతల చెప్పినవా? మూసిండ్రా?"

"చెప్పిన. ఆమె వాళ్ల అమ్మగారింటికి పోయింది," అన్నాను. అంత సులభంగా అబద్ధం వస్తుందని నాకే తెలియదు. ఆయన తలాడించి నిచ్చెన ఎక్కాడు.

పొద్దు గూకింది. ఎర్ర వెలుతురు మిద్దె మీద అటూ ఇటూ కదిలింది. నేను వీధిలో నిలబడి, తల ఎత్తి చూస్తున్నాను. ఆయన పొగగొట్టం నోట్లో గొట్టం పెట్టి ఒకసారి ఊదాడు. లోపల నుంచి చప్పుడు లేచింది, వీధిలోకి కూడా వినపడింది. నా ఒళ్లు పులకరించింది. ఆ సంతోషం అత్తతో పంచుకుందామని వెనక్కి తిరిగాను.

మంచం మీద గొంగడి ఒక్కటే ఉంది.

"మా అత్తేది?" అని ఎదురింటామెను అడిగాను.

"ఇప్పుడే లేసి మీ యారాలింట్లకు పోయిందమ్మ. కబురేదో చెప్పాలె అన్నది."

నేను అంతకు ముందు ఎప్పుడూ అట్లా అరవలేదు. "ఆపన్నా! ఆపు! ఇంట్ల మనుషులున్నరు! చెప్పలేదు నేను, అబద్ధం చెప్పిన!" వీధి వీధంతా విన్నది. ఆయన గొట్టం లాగేసి, తడి సంచి పొగగొట్టం నోట్లో కుక్కాడు. కానీ ఊదిన మందు ఊదినట్టే ఉంది, లోపలివి కిందికి తిరిగాయి. నేను ఆరేళ్లుగా తొక్కని గడప తొక్కి లోపలికి పరుగెత్తాను.

వంటింట్లో ట్యూబులైటు వెలుగుతోంది. యారాలు కింద కూర్చుని తాంబాళంలో జొన్నపిండి కలుపుతోంది. అత్త పొయ్యిగద్దె దగ్గరే నిలబడి ఉంది, రేకుకు జానెడు దూరంలో. పరుగున వచ్చిందేమో, మాట రాక రొప్పుతోంది, చేత్తో రేకు వైపు చూపిస్తోంది. రేకు వెనక బరబరమని చప్పుడు. ఎండిన మట్టి ఒక మూల పెచ్చులూడింది. ఆ సందులోంచి ఒక ఎర్రటి తల బయటికొచ్చింది.

ఎన్ని రోజులుగానో కావాలని కోరుకున్నది కళ్ల ముందుకొస్తే బిగుసుకుపోయాను. యారాలు మాత్రం లేచింది. చేతిలో ఉన్న పిండి ముద్ద ముద్దంతా ఆ సందు మీద చప్పున కొట్టింది. వేళ్లతో నొక్కింది. ఇంకో ముద్ద తీసి పక్క సందు మీద, ఇంకోటి కింది అంచున. బయటికొచ్చేసిన ఒకటి లేచి ట్యూబులైటు చుట్టూ తిరిగింది. అప్పుడు నాకు సోయి వచ్చింది, అత్తను పట్టుకుని నా పైట కప్పాను. యారాలు స్విచ్చి ఆర్పి, చీకట్లోనే మా ఇద్దరినీ బయటికి తోసి, వంటింటి తలుపు లాగి గొళ్లెం పెట్టింది.

ఎవరినీ కుట్టలేదు. వీధిలోకి వచ్చాక అత్త మెడ, చేతులు, వీపు ఫోను వెలుతురులో వెతికాను, ఒక్క మచ్చ లేదు. నా గుండె కుదుటపడగానే మళ్లీ పాత కోపం లేచింది. అంత జరిగాక కూడా లేచింది చూడండి. యారాలి వైపు తిరిగి ఆరేళ్ల తర్వాత మొదటి మాట అన్నాను.

"తుట్టె ఉందని నెల ముందే తెలిసీ నాకెందుకు చెప్పలే? ముసలామెను చంపనీకెనా?"

ఆమె పిండి చేతులతో అట్లాగే నిలబడి నన్ను చూసింది.

"చెప్పకపోవుడేంది? అమావాస్య నాడు అత్త మూట గట్టుకుంటుంటె చెప్పి పంపితి గద. పొగగొట్టంల పెద్దీగలు పెట్టినయి, పొయ్యి ముట్టియ్యొద్దని చెప్పుమంటి. అడుగు అత్తను."

నేను అత్త వైపు చూశాను, అంతే. అత్త ఎదురింటి అరుగు మీద కూలబడింది.

"చెప్పింది బిడ్డా," అన్నది. "అది నిన్ను తిట్టుకుంట చెప్పింది. మోటరు కాడికెళ్లి మొదలువెట్టి నీ కండ్లు నెత్తికెక్కినయని, ఏమేమో అన్నది. తిట్లు మొదలైతె నేను ఇనను. మీ ఇద్దరి తిట్లు ఆరేండ్ల సంది నేను ఇటు తెయ్యలే, అటు తెయ్యలే. ఆ తిట్లల్ల ఈ మాట గూడ పోయింది. అది రేకు బిగిస్తుంటె గూడ వాన జల్లుకేమో అనుకున్న. దవాఖానల కండ్లు తెరిసినంక యాదికొచ్చింది."

"మరి అప్పుడన్నా చెప్పొద్దా అత్తా? ఎదురింటామె అన్న రోజన్నా..."

"నీ మొఖం జూసి చెప్పలేకపోయిన," అన్నది అత్త.

మిద్దె మీది మనిషి కిందికి దిగి వచ్చాడు. తడి సంచులు, బురద మట్టి తీసుకుని తనే యారాలి వంటింట్లోకి పోయి, రేకు చుట్టూ మెత్తి, తిరిగిన ఆ ఒక్కదాన్నీ చంపి వచ్చాడు. మళ్లీ నిచ్చెన ఎక్కే ముందు ఈసారి నన్ను కాదు, యారాలిని అడిగాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు కదా అని. ఆమె లేరంది. ఆయన ఆమె మాట నమ్మి ఎక్కాడు.

వీధిలో అత్త పక్కన ఇద్దరం నిలబడి ఉన్నప్పుడు యారాలు అడిగింది. "అక్కా, ఈయన వస్తుండని నువ్వెందుకు చెప్పలే నాకు?"

ఆమె గొంతులో కోపం కూడా లేదు, నిజంగానే తెలియక అడిగింది. చేతి మీది పిండి ఎండి పొట్టు రాలుతోంది. మరిచిపోయానని ఇంకో అబద్ధం నాలుక దాకా వచ్చింది. ఆ వీధిలోనే నేను అందరికీ వినపడేలా అరిచి ఒప్పుకున్నదాన్ని.

"కావాలనే చెప్పలేదు," అన్నాను.

ఆమె సరేనన్నట్టు తలాడించి, చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయింది. చెప్పాల్సినది తిట్లతో కలిపి అయినా ఆమె చెప్పింది. అత్త మర్చిపోయింది. కీడు కోరి నోరు మూసుకుని కూర్చున్నది ముగ్గురిలో నేనొక్కదాన్నే. ఇన్ని రోజులు ఆమెను ఏ మాటలతో తిట్టుకున్నానో అవన్నీ నాకే సరిపోతాయని ఆ వీధిలో నిలబడి ఒక్కొక్కటిగా తెలుసుకున్నాను.

రెండు రోజులకు ఆ మనిషి వచ్చి తుట్టె తీశాడు. చిన్న కుండంత ఉంది, తేలిగ్గా, మట్టి రంగు కాగితం చుట్టినట్టు. కాలుతో తొక్కి పిండి చేయాలని ఎన్ని రోజులు అనుకున్నానో. ఆయన సంచిలో వేసి మూతి కట్టి ఊరి బయట పాతిపెడతానన్నాడు, నేను అడ్డం చెప్పలేదు. పైన జాలి బిగించాడు. రెండు నోళ్లూ మసి దులిపి కడిగి ఇచ్చాడు.

అత్త ఆ నెల మిగిలిన రోజులు మా ఇంట్లోనే ఉంది. నేను అన్నం పెడితే "సాలు బిడ్డా" అనేది, పడుకోమంటే "సరే బిడ్డా" అనేది. వెనకటిలా కూరలో ఉప్పు తక్కువని అనలేదు, నేను పెట్టిన టీ చల్లారిందని తిట్టలేదు. నేను పొయ్యి ముట్టిస్తే లేచి అరుగు మీదికి పోయేది. నాకు అర్థమైనా అర్థం కానట్టే ఉన్నాను. అమావాస్యకు మూట సర్దుకుని యారాలి ఇంటికి పోయింది.

తర్వాతి అమావాస్య పెత్రమాస. అత్త మా వంతుకు రావాల్సిన రోజు. పెద్దలకు పెట్టుకోవాలి, సాయంత్రం బతుకమ్మ ఎత్తాలి, తెల్లవారకముందే లేచి ఇల్లు కడిగాను. ఆమె వచ్చేసరికి వేడి రొట్టె ఉండాలని పొయ్యి ముట్టించి పెనం పెట్టాను. పొగ సక్కగా పైకి పోతోంది. గడపలో అడుగుల చప్పుడైతే అత్తే అనుకుని లేచాను.

యారాలు ఒక్కతే వచ్చింది. మూట లేదు.

"అక్కా, అత్త ఈ నెల గూడ నా కాడనే ఉంటదంట," అన్నది.

"వంతు మాది గదా. నువ్వంటున్నవా, అత్తే అన్నదా?"

"అత్తే అన్నది. నీకు చెప్పనీకె నోరొస్తలేదని నన్ను పంపింది." ఆమె గడప మీదే నిలబడింది, లోపలికి రాలేదు. "ఈడ భయమైతదంట."

"ఇంక ఈగలేడున్నయి? పైన జాలి గూడ కొట్టిచ్చిన గద. వచ్చి చూసుకోమను," అన్నాను.

యారాలు నా ముఖం చూడలేక పొయ్యి వైపు చూసింది.

"ఈగలకు గాదక్కా," అన్నది.

నేను సరే అన్నాను. ఆమె పోయింది. లోపల పెనం కాలి పొగ వస్తుంటే పోయి దించాను.